డెబ్భై లోపు వాళ్ళకే ఆకాశం

హలో… ఆఁ, నేనేలే అన్నయ్యా. ఈ ఫోను నేను కాక ఇంకెవరెత్తుతారు… పొద్దున్నించీ నువ్వు చేస్తావనే పక్కన పెట్టుకుని చిక్కుళ్ళు ఒలుచుకుంటున్నా.

వదిన మోకాలెలా ఉంది?… అయ్యో… నువ్వుల నూనె వెచ్చచేసి రాయమను, ఆ ట్యూబులతో ఏమవుతుంది… సరే సరే, మోకాలి సంగతి చెప్పడానికి చెయ్యలేదులే. తెలుసు. లాస్య చెప్పింది. "నందిగామ తాతయ్య మండిపడుతున్నారు అమ్మమ్మా" అని.

…

దాని మీద అరవకు. ఇరవయ్యేళ్ళ పిల్ల. ఆ అప్లికేషను నింపింది అదే, కానీ వీడియోలో మాట్లాడింది నేను. నాలుగు నిమిషాలు మాట్లాడమంటే పద్దెనిమిది నిమిషాలు మాట్లాడా. వాళ్ళే కత్తిరించుకున్నారట.

— పిచ్చా? ఉండనీ.

రాకెట్టే. అవును, రాకెట్టే అన్నయ్యా, ఎందుకంత గొంతు తగ్గించి అడుగుతావు, తప్పుడు పనేమన్నానా?… ప్రైవేటు కంపెనీ వాళ్ళది. ఆరుగురు కూచుంటారు. భూమి గుండ్రంగా కనపడేదాకా పైకి పోయి, మళ్ళీ కిందకి. మొత్తం పదకొండు నిమిషాలు. మొన్న డాక్టరు పరీక్షకి బెజవాడ పోతుంటే కీసర టోల్‌గేటు దగ్గర మా కారు అంతకన్నా ఎక్కువసేపు ఆగింది.

…

ప్రమాదమా? ఉంటుంది. కాగితం మీద కూడా రాశారు, ప్రాణానికి పూచీ లేదని. లాస్య చదివి వినిపించింది. నలుగురు పిల్లల్ని కన్నా, అప్పుడు నాకెవరిచ్చారు పూచీ?

…

పరీక్షలన్నీ అయినయ్. గుండెకి తీగలు పెట్టి చూశారు. ఏడంతస్తులు మెట్లెక్కమన్నారు, ఎక్కా. నాతోపాటు పరీక్షకొచ్చిన బ్యాంకు మేనేజరు నాలుగో అంతస్తులో కూలబడ్డాడు. పాపం, నేనే నా మజ్జిగ సీసా ఇచ్చి కూచోబెట్టా… నవ్వకు. నవ్వితే నవ్వు, కానీ మాట మార్చకు.

— చీరా? చీర కుదరదట. మెడ నించి కాళ్ళదాకా నీలం రంగు తొడుగు, వాళ్ళే కుట్టిస్తారు. వేసుకుంటా. మూడు నిమిషాలు ఒంటికి బరువే ఉండదట అన్నయ్యా, గాల్లో తేలుతామట. ఆ మూడు నిమిషాలూ నా మోకాళ్ళకి సెలవు.

…

ఆఁ, వచ్చింది ఆ మాట. "ఇలాంటివి మనకెందుకు." నాన్న కూడా ఇదే అన్నాడు. మన వత్సవాయికి మొదటి బస్సొచ్చినప్పుడు ఎవరెక్కారు? కరణంగారూ, మునసబుగారూ. నాన్న మనకెందుకన్నాడు. రెండేళ్ళు తిరక్కుండా కోళ్ళ గంపలతో సంతకెళ్ళే వాళ్ళందరూ ఎక్కారు, నాన్న మాత్రం నడిచే పోయాడు. విమానం చూడు. పోయినేడు మా వీధిలో మిర్చి రైతులు పన్నెండు మంది గన్నవరంలో విమానమెక్కి కాశీ పోయొచ్చారు. ఇదీ అంతే. ముందు మిలిటరీ వాళ్ళు పోయారు, తర్వాత కోట్లున్న వాళ్ళు టికెట్టు కొనుక్కుని పోయారు. ఇప్పుడీ కంపెనీ ఆరు సీట్లలో ఒకటి మామూలు మనిషికి ఊరికే ఇస్తానంటోంది. మామూలు మనిషంటే ఎవరు? నాకన్నా మామూలు మనిషిని ఈ జగ్గయ్యపేటలో వెతికి తీసుకురా, నా సీటు ఇచ్చేస్తా.

…

ఏముందా అక్కడ? ఏమో. చూస్తే కదా తెలిసేది.

విను. నేనెక్కిన బండ్లన్నీ నాకు గుర్తున్నయ్. కాన్పులకి ఎక్కా. చావులకి ఎక్కా. వేదాద్రి పోయానా, అదీ పెద్దాడికి జ్వరం తగ్గితే వస్తానని మొక్కుకుని. ఆడపడుచు పిల్లల అక్షరాభ్యాసాలకీ, మరిది పంచాయితీలకీ… నాకు చూడాలనిపించి, నాకోసం నేనెక్కిన బండి ఒక్కటి చెప్పు. ఒక్కటి.

…

హలో?

…

నక్షత్రం బాలేదా? ఎవరు చూశారు… నువ్వే చూశావా పంచాంగం? మంచిది. ఏ పుట్టినరోజు పెట్టి చూశావు?

…

అడుగుతున్నా చెప్పు. అసలుదా, నువ్వు రాసిందా?

…

అసలుదే. కదా? జాతకానికి నిజం కావాలి, నోటరీకి మాత్రం అక్కర్లేదా నీకు?

— లేదు, నేను గొడవకి రావట్లేదు. అసలు మాటకొస్తున్నా. నువ్వు ఫోన్ చేసింది నా ప్రాణం మీద బెంగతో కాదు, సంతకం తప్పించుకుందామని… కాదా? అయితే సంతకం పెట్టు.

…

చూశావా.

డెబ్భై ఏళ్ళ లోపు వాళ్ళనే ఎక్కించుకుంటారు వాళ్ళు. నాకు అరవై ఎనిమిది. ఆధార్ కార్డులో డెబ్భై రెండు. ఆధార్‌లో ఎందుకలా ఉంది? ఓటరు కార్డులో అలా ఉంది కనక. ఓటరు కార్డులో ఎందుకుంది? స్కూలు సర్టిఫికెట్లో అలా ఉంది కనక. స్కూలు సర్టిఫికెట్లో ఎందుకుందో చెప్పాల్సింది నువ్వు. రిజిస్టరు కాపీ ఒకటి, నేను పుట్టినప్పుడున్న పెద్దవాళ్ళు నోటరీ ముందు రాసిచ్చిన కాగితం ఒకటి, సోమవారానికల్లా పంపమన్నారు. నేను పుట్టినప్పుడున్న వాళ్ళలో నువ్వొక్కడివే మిగిలావు.

…

సంవత్సరం గుర్తులేదా? నీకా? పదేళ్ళ కింద రైల్లో కనపడ్డ బట్టతలాయన్ని చూసి "ఒరేయ్, నీ రోల్ నంబరు ఇరవై మూడు కదరా" అన్నవాడివి. సరే, నాకు గుర్తుంది. అమ్మ వందసార్లు చెప్పింది.

దసరా వెళ్ళింది, దీపావళి రాలేదు. ఆంధ్ర రాష్ట్రమూ తెలంగాణా కలిసి ఏడాది నిండబోతోంది. రష్యా వాళ్ళు ఆకాశంలోకి ఏదో గుండు వదిలారని పేపర్లో పడింది. పొద్దుగూకేవేళ నువ్వూ నాన్నా గడ్డివాము పక్కన నిలబడి మెడలు పైకెత్తి చూస్తున్నారు. లోపల అమ్మకి నొప్పులు. మంత్రసానిని పిలవమని నిన్ను కేకేస్తే, "ఆఁ పోతున్నా, ఆఁ పోతున్నా" అంటూ అక్కడే నిలబడ్డావు. ఆవిడొచ్చేసరికి నేను పుట్టేశా. నీకప్పుడు పన్నెండేళ్ళు. అమ్మ పోయేదాకా నిన్ను ఎత్తిపొడిచింది ఆ సంగతి…

ఆఁ, నవ్వొచ్చిందా? గుర్తొచ్చిందన్నమాట.

ఏ సంవత్సరం మరి? యాభై ఏడు. యాభై మూడులో ఆకాశంలో ఏ గుండూ లేదన్నయ్యా.

…

యాభై ఏడు యాభై మూడెలా అయిందో నువ్వు చెప్తావా, నేను చెప్పనా?

…

డెబ్భై రెండు, ఎండాకాలం. నేను ఎనిమిది పాసయ్యా. తొమ్మిదో తరగతి పుస్తకాలకి అట్టలు కూడా వేసుకున్నా. ఈలోపు పెళ్ళి కుదిర్చారు. హెడ్మాస్టరు ప్రేమానందంగారు ఇంటికొచ్చి, అరుగు మీద కూచోకుండా నిలబడే చెప్పాడు నాన్నకి. "పిల్లకి పద్నాలుగేళ్ళండి, ఈ పెళ్ళి చేస్తే నేను పోలీసులకి రాస్తా" అని. నువ్వదే స్కూల్లో కొత్త మాస్టారువి. మర్నాడు రిజిస్టరు సంచీలో పెట్టుకుని ఇంటికి తెచ్చావు. గడ్డం గీసుకునే బ్లేడుతో ఏడుని గీకి మూడు చేశావు. పద్నాలుగేళ్ళ పిల్లకి ఒక్క పూటలో పద్దెనిమిదొచ్చినయ్.

…

ఆ రోజుల్లో అందరూ అంతేనా? అవును. అందరూ అంతే. నేను అందర్నీ సంతకం అడగట్లా. నా రిజిస్టరు గీకినవాణ్ణి అడుగుతున్నా.

…

నేనూ ఒప్పుకున్నానా! ఎవరడిగారు నన్ను? ఊరుకుంటే ఒప్పుకున్నట్టా? అట్టలేసిన పుస్తకాలు పక్కింటి పిల్లకిచ్చేస్తుంటే గుమ్మంలో నిలబడి చూశా. అది నీకు ఒప్పుకున్నట్టు కనపడిందా?

…

ఆయన మంచివాడే. ఆయన మీద పల్లెత్తు మాట అన్నానా ఏనాడన్నా? సిమెంటు ఫ్యాక్టరీలో గుమస్తా పని చేసి, జీతమంతా తెచ్చి నా చేతిలో పెట్టిన మనిషి. అది వేరు, ఇది వేరు. ఆయన పోయిన రోజు ఆసుపత్రిలో ఎవరో నా వయసడిగారు, ఏదో కాగితంలో రాసుకోవడానికి. నోట్లోకి రెండు వయసులొచ్చినయ్ అన్నయ్యా. ఏది చెప్పాలో తెలీక లాస్య మొహం చూశా. అన్నీ గుర్తున్న దాన్ని, నా వయసు నేను చెప్పలేకపోయా.

…

సన్మానమా… తెలుసు. కార్డొచ్చింది. ఆదివారం సాయంత్రం, నీ పాత విద్యార్థులు చేస్తున్నారు. వస్తా. ముందు వరసలో కూచుంటా, అందరికన్నా గట్టిగా చప్పట్లు కొడతా. నువ్వు మంచి మాస్టారువి కాదని ఎవరన్నారు? ఎంతమందికి అన్నం పెట్టి చదువు చెప్పావో నాకు తెలీదా? అక్కడ నోరు విప్పను, నీ మీద ఒట్టు. కానీ సోమవారం సోమవారమే.

…

ఏంటీ?… మళ్ళీ చెప్పు.

… "రాయడంలో పొరపాటు" అని రాస్తే పెడతావా?

… అవును, ఉంది. ఆ ఫారంలో ఆ గడి ఉంది. టిక్కు పెట్టి నువ్వు కింద సంతకం చేస్తే చాలు, ఇంకేమీ అడగరట. సీటు ఖాయమట. నాకు తెలుసు. మూడు రోజుల్నించీ ఆ గడినే చూస్తున్నా.

వద్దు.

… వద్దన్నా కదా.

పొరపాటంటే చెయ్యి జారడం. నీ చెయ్యి జారలా. నిన్న వత్సవాయి పోయా, స్కూలుకి. ఇప్పుడక్కడ రత్నమణి అని హెడ్మిస్ట్రెస్, మంచి పిల్ల, బీరువాలు రెండు వెతికి ఆ రిజిస్టరు తీసింది. నీ దస్తూరీ ముత్యాల్లా ఉంది. ఆ మూడు ఎంత కుదురుగా దిద్దావంటే, కాగితం కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే గానీ గీకిన చోటు కనపడలా. అంత శ్రద్ధగా చేసిన పనిని పొరపాటంటే ఎట్లా?

…

సీటు పోతుందేమో. గీకారని రాస్తే విచారణంటారేమో, వెనక్కి నెడతారేమో అని లాస్య కూడా భయపడుతోంది. పోతే పోనీ… ఏడుస్తా. ఎందుకేడవను? నాలుగు రోజులు అన్నం సయించదు. కానీ నీ అబద్ధం మీద నా అబద్ధం ఒకటి పెట్టుకుని నేను పైకెక్కను. నా నోటితో పొరపాటని చెప్పను. అప్పుడు నాకు నోరు లేదు. ఇప్పుడుంది, నువ్వు రోజూ వింటూనే ఉన్నావుగా.

…

…

హలో?… ఉన్నావా?… వదిన దగ్గరుంటే మంచినీళ్ళివ్వమను.

…

నువ్వు సంతకం పెట్టాల్సిన కాగితం చదవమంటావా? ఇప్పుడా?… చదువుతా. నేనే రాశా, లాస్య టైపు చేస్తానంటే వద్దన్నా. తప్పులుంటే మాస్టారువి నువ్వే సరిచెయ్యి. ఉండు… ఆఁ.

'అహల్య అనే నేను రాయునది. నేను వత్సవాయిలో పందొమ్మిది వందల యాభై ఏడు అక్టోబరులో పుట్టాను. నా పెళ్ళి ఆగకుండా ఉండాలని మా అన్న కామేశం స్కూలు రిజిస్టరులో ఏడు అంకె గీకి మూడు వేశాడు. ఆ సమయంలో సిరాబుడ్డి నేను పట్టుకున్నాను. కదలకుండా రెండు చేతులతో పట్టుకున్నాను. ఇది నిజం.'

అంతే. అంతకన్నా లేదు.

…

ఏం తీసెయ్యాలి?… నీ పేరా?… నీ పేరు ఉండనివ్వమంటున్నావా? మరి ఏది?… సిరాబుడ్డి మాటా?

ఎందుకు తియ్యాలి, జరిగిందేగా. పట్టుకోమన్నావు, పట్టుకున్నా. ఏం చేస్తున్నావన్నయ్యా అంటే, "నిన్ను పెద్దదాన్ని చేస్తున్నానే" అన్నావు. నవ్వా కూడా. అందులో నేనూ ఉన్నట్టేగా…

…

ఏమన్నావు?

… వినపడలా. కాదు, వినపడింది. ఇంకోసారి అను.

…

చిన్నపిల్లనా.

… మరి ఇందాక ఒప్పుకున్నావన్నావుగా నన్ను… సరే. సరే, అననులే.

…

ఏడవకు. ఎనభయ్యేళ్ళ మనిషివి, బీపీ పెరుగుతుంది. ఆదివారం శాలువా కప్పించుకోవాలి. ఏడవాలంటే సోమవారం సంతకమయ్యాక ఇద్దరం కూచుని ఏడుద్దాం.

సిరాబుడ్డి కొట్టేస్తున్నా, ఇదిగో. ఆ ఖాళీలో నువ్వు ఇప్పుడన్న మాట రాయి… అదే. 'దానికప్పుడు పద్నాలుగేళ్ళు, చిన్నపిల్ల' అని… ఫోన్లో చెప్తే కాదు. కాగితం మీద, నీ దస్తూరీతో.

జగ్గయ్యపేట, నోటరీ ఆఫీసు, పదింటికి. నేను ముందే పోయి కూచుంటా.

… ఆఁ. పెట్టేస్తున్నా.