జామచెట్టుకు కట్టిన మూటలు

కదలకు మొండయ్యా. దవుడ కట్టు కదిలితె ఎముక అతకదని డాక్టరు చెప్పలేదా? నువ్వు మాట్లాడనక్కర లేదు. ఎన్నడన్న వదినె మాట నిమ్మళంగ ఇన్నవా? ఇయ్యాల ఇను.

అట్ల గుడ్లురుమకు. రోకలిబండతోని నిన్ను కొట్టింది నేనే. పోలీసాయన అచ్చి అడిగినా అదే చెప్త. మరి నా మూడు పళ్ళు పీకిందెవరు? చేతులు నీ దోస్తు యాకయ్య పట్టె, తల పక్కింటి రాయమల్లు పట్టె, పట్టకారు నీ చేతుల ఉండె. పళ్ళు లేకుంటె మంత్రం పలకదని ఊడబెరికితిరి. నాలుగోదాని మీద పట్టకారు జారింది, యాకయ్య పట్టు తప్పింది, నా చేతికి రోకలి దొరికింది.

నేను కాపురానికచ్చిన్నాడు నువ్వు గోచి పెట్టుకోని తిరుగుతాంటివి. నీ పాలపన్ను ఊడితె కప్పు మీదికి ఇసిరింది ఎవరనుకున్నవ్?

ఇంతకు నేనేం చేసిన? జామకొమ్మలకు మూటలు కట్టిన. అదే వారం నీ బర్రె చచ్చింది. రెండు కలిపి బాణామతి అన్నవ్. వాన లేక వాడిన జొన్న పిలకలల్ల విషముంటది, అవి మేస్తె బర్రె బతుకుతదా? మీ నాయిన చెప్పలేదా? తల అడ్డం ఊపకు. చెప్పిండు, నేను ఆడనే ఉన్న.

సరే, మూట సంగతి చెప్త. మనూరికి కరెంటు అచ్చినేడు వరంగల్‌ల తోటలోళ్ళ ట్రైనింగుకు పోయిన, యాదికుందా? ఎకరం, అరెకరం ఉన్నోళ్ళకే పెట్టిండ్రు. "మా వదినె కలెక్టరైతాంది" అని నవ్వితివి. ఆడ రాజేశ్వర్ రావు సారు చెయ్యి పట్టి నేర్పిండు. ముందుగాల వేలంత మందం కొమ్మ చూసుకోవాలె. ఉంగరమంత బెరడు చుట్టూ ఒలవాలె. నాచు నీళ్ళల్ల నానబెట్టి పిండి, ఒలిచిన కాడ అద్ది, ప్లాస్టిక్ కాయితం చుట్టి రెండు దిక్కుల బిగియ్యాలె. కొమ్మ చెట్టు మీదుండంగనే వేర్లు తొడుగుతది. అప్పుడు కోసి నాటుకోవాలె. గంతే.

సుతిలి తాడు ఒడిసింది, నా పాత ఎర్రచీర చింపి కట్టిన. ఎర్రగుడ్డ కట్టొద్దని సారు చెప్పకపాయె. మీ గుండెలు గింత అల్కగ జారుతయని ఆయనకేం ఎరుక?

ఇగో, ఒక మూట చిలుకమ్మ కోసుకొచ్చింది. నా బిడ్డెకు నీ అంత భయం లేదులే. కాళ్ళెందుకు ముడుస్తవ్? ఇప్పుతాన, చూడు. నాచులకెళ్ళి తెల్లగ ఎన్ని వేర్లచ్చినయో. ముట్టు. ముట్టయ్యా, కరవది.

ఇంక నాలుగు మూటలు చెట్టు మీదున్నయ్. మొదలుకే నరుకుతమని యాకయ్య గొడ్డలి నూరి పెట్టిండట. నా అరెకరంల నాకున్నదా చెట్టే. వాడు గా తలుపు కాడ నీ దిక్కే చూస్తాండు. చెట్టు జోలికి పోవద్దని సైగ చెయ్యి.

చెయ్యవా? వేర్లు చూసినంక గూడనా?

ఆఁ. గట్ల. చూసిండు వాడు.

పోత మరి, నా నోరు కడిగే టైమైంది, నర్సమ్మ కేకేస్తాంది. ఒక్కటి చెప్పి పోత. నాకే మంత్రం రాదు, మొండయ్యా. గాని మూడో పన్ను మీద పట్టకారు పడ్డప్పుడు, వస్తె బాగుండు అనుకున్న. వచ్చుంటె, నువ్వు ఇయ్యాల ఈ మంచంల గూడ ఉండకపోదువు.