తాగిందే గానీ తినలేదు

హిందూపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి. తల్లిని ఆపరేషన్ థియేటర్‌లోకి తీసుకుపోయి తలుపు మూశారు. బయట బెంచీ మీద అక్కా తమ్ముడూ కూర్చున్నారు.

“నీ చేతిలో ఆ బాటిల్లో అడుగున ఏముండాదక్కా?”

“రాగంబలి. రొళ్లలో బస్సెక్కేటప్పుడు అమ్మ కండ్లు తిరుగుతాండాయనె. రోంత తాగించినా.”

“పొద్దున ఏమీ తినద్దని చెప్పినా గదా!”

“తినద్దంటివి. తాగద్దంటివా? అంబలి తిండెట్లయితాదిరా?”

“మత్తులో ఉన్నప్పుడు కడుపులోది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే మోసమని డాక్టరు నిన్న నాకు చెప్పినాడు.”

“ఆ మాట నాకెందుకు చెప్పలేదు?”

“నువ్వు భయపడతావని. నర్సమ్మ అడగలేదా?”

“అడిగె. ‘ఏమన్నా తిన్యావా అవ్వా’ అనె. అమ్మ ‘లేదు తల్లీ’ అనె. అబద్ధం కాదు గదా అని నేనూ గమ్మునుంటి.”

“పోయి చెప్పు.”

“నువ్వే చెప్పు. నన్ను తిడతారు. పోయినసారి బీపీ మాత్ర మరిచిపోతేనే అందరి ముందర ‘మీకు బుద్ధి లేదా’ అనిరి.”

“నన్ను మాత్రం తిట్టరా? ఈ పొద్దు ఆపరేషన్ గూడా ఆపేస్తారు.”

తలుపు పైన ఎర్ర లైటు వెలిగింది.

“రేయ్, మొదలుపెట్టినారా?”

అక్క పరిగెత్తి రెండు చేతులా తలుపు బాదింది.

“ఎవరది? ఈడ గలాటా చేయద్దని చెప్పలేదా?” లోపలినుంచి ఎవరో గద్దించారు.

అక్క చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

“తిడితే తిట్టనీలే అక్కా! ఇంగా గట్టిగా కొట్టు!”