నెట్‌వర్క్ వచ్చిన తర్వాత పడిన దెబ్బ

తేదీ 06.10.2025, ధర్మవరం. మేజిస్ట్రేటు గారి ముందు చెప్పినది.

నా పేరు రేష్మ. తండ్రి సాబ్జాన్, టైలరు. వయసు ఇరవై నాలుగు. బీటెక్ చదివాను. నివాసం హిందూపురం. హిందూపురం, పెనుకొండ, ధర్మవరంలో పదకొండు దుకాణాల సర్వర్లు, కెమెరాలు నేను చూసుకుంటాను. స్కూటీ మీద తిరుగుతాను.

ధర్మవరంలో శివప్రసాద్ గారి పట్టుచీరల షాపు ఆ పదకొండులో ఒకటి. ఆయన తమ్ముడు కిరణ్ మగ్గాల పని చూస్తాడు. దాసప్ప గారు అక్కడ పంతొమ్మిదేళ్లుగా చీరలకు డిజైన్లు వేస్తున్నారు. మొదట గళ్ల కాగితం మీద వేసేవారు, తర్వాత కంప్యూటర్ నేర్చుకున్నారు. నన్ను పాపా అంటారు. దసరా అయ్యాక మానేసి, పెనుకొండలో అల్లుడితో కలిసి సొంతంగా డిజైన్లు వేసుకుంటానని ఆయన ముందే చెప్పారు. అది షాపులో అందరికీ తెలుసు.

సర్వర్ మేడ మీద గదిలో ఉంది. ఆ గదిలో కెమెరా లేదు. సర్వర్ ఒకే పెట్టె, కానీ లోపల మూడు కంప్యూటర్లు విడివిడిగా ఉన్నట్టు నడుస్తాయి. ఒకటి డిజైన్లకు, ఒకటి బిల్లులకు, ఒకటి కింది కెమెరాలకు. మూడింటికీ బయటికి దారి ఒకటే, నెట్‌వర్క్ కార్డు. ఆ కార్డును ఏ స్లాట్‌లో గుచ్చితే ఆ స్లాట్‌ను బట్టి సర్వర్ దానికి పేరు పెట్టుకుంటుంది. స్లాట్ మారితే పేరు మారుతుంది. ఫైలులో పాత పేరే రాసి ఉంటుంది కాబట్టి ఆ పేరుతో వెతికి, కార్డే లేదనుకుంటుంది. లోపలివన్నీ భద్రంగానే ఉంటాయి. బయటివాళ్లకు మాత్రం అంతా పోయినట్టు కనిపిస్తుంది. ఆ రోజు ఏమీ పోలేదు. ఒక్క డిజైను కూడా పోలేదు.

03.10.2025 శుక్రవారం ఉదయం 10.40కి నేను పెనుకొండలో ఒక రైసుమిల్లులో నిచ్చెన మీద ఉండి కెమెరా బిగిస్తున్నాను. పండగ సెలవులయ్యాక అప్పుడే షాపు తెరిచిన శివప్రసాద్ గారు ఫోన్ చేశారు.

"రేష్మా, డిజైన్లు ఒక్కటీ తెరుచుకోలేదమ్మా. పద్నాలుగు మగ్గాలు నిలబడిపోయినాయి."

సర్వర్‌కు స్క్రీను తగిలించి, దాని మీద ఉన్నది చదవమన్నాను. ఆయన ఒక్కో అక్షరం చదివారు. కార్డు పేరులో మూడు ఉండాల్సిన చోట నాలుగు ఉంది. నేను వెంటనే చెప్పాను: "ఎవరో పెట్టె విప్పినారు సార్. కార్డు పీకి వేరే స్లాట్‌లో పెట్టినారు."

నలభై కిలోమీటర్ల దూరం నుంచి, చూడకుండానే చెప్పగలిగినందుకు నాకు గొప్పగా అనిపించింది. ఫోన్ స్పీకరులో ఉందని నాకు తెలియదు. కిరణ్ గొంతు వినిపించింది: "నేను చెప్పలా? ఆ దాసప్పేన్నా. పోతాపోతా మొత్తం ఎత్తకపోయినాడు."

ఎవరు విప్పారో, ఎప్పుడు విప్పారో నేను అడగలేదు. అడిగి ఉండాల్సింది. ఈ మాట వాంగ్మూలంలో అవసరమా అని మేజిస్ట్రేటు మేడమ్ అడిగారు. అవసరమే.

10.55కి పెనుకొండలో బయలుదేరి 12.10కి షాపుకు చేరాను. షట్టరు సగం దించి ఉంది. వంగి లోపలికి వెళ్లి మేడ ఎక్కాను. దాసప్ప గారు గదిలో నేల మీద గోడకు ఆనుకొని కూర్చున్నారు. ఎడమ కన్ను మూసుకుపోయింది. చెవి నుంచి రక్తం మెడ మీదికి కారి కాలరు దగ్గర ఎండింది. చెప్పులు మాత్రం పక్కనే జతగా, వరుసగా పెట్టి ఉన్నాయి.

కిరణ్ నా ఫోన్ లాక్కున్నాడు. గుడ్డ కొలిచే ఇనుప మీటరు కడ్డీ అతని చేతిలో ఉంది.

"ఎంతసేపు పడతాది?"

"పది నిమిషాలు. ఆయన్ను ఆసుపత్రికి పంపితేనే చేస్తా."

"నువ్వు చెయ్యకుంటే నేను ఆపేదిల్యా. యాడికి కాపీ చేసినాడో వాడు చెప్పల్ల, లేకుంటే నువ్వు తెప్పించల్ల. ఎవురు ముందో చూస్తాం."

శివప్రసాద్ గారిని చూశాను. ఆయన గది గుమ్మంలో నిలబడి, "తొందరగా కానీయమ్మా" అన్నారు.

సర్వర్ పక్క రేకు విప్పాను. మూడో స్లాట్ ఖాళీ. కార్డు నాలుగో దానిలో ఉంది. కార్డు అంచు మీద పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి ఉంది. అడుగున బంతిపువ్వు రేకలు రెండు ఉన్నాయి. అక్టోబరు ఒకటిన ఆయుధ పూజ. కార్డు ఎందుకు మారిందో నాకు అప్పుడే అర్థమైంది. కానీ డిజైన్లు కనబడకుండా చెబితే నమ్మరని, ముందు చూపించి తర్వాత చెబుదామని ఆగాను.

కిరణ్ దాసప్ప గారిని లేపి కుర్చీలో కూర్చోబెట్టి, కుడిచెయ్యి టేబుల్ మీద పెట్టించాడు. నా కీబోర్డుకూ ఆ చేతికీ మధ్య జానెడు దూరం. దాసప్ప గారు అన్నారు: "పాపా, నా తట్టు చూడొద్దు. తప్పు పడతాది. పని చూసుకో."

ఫైలు తెరిచాను. మూడు తీసి నాలుగు పెట్టాలి. రెండు చోట్ల మార్చాలి. నేను ఒకచోటే మార్చాను. 12.41కి సేవ్ చేసి నెట్‌వర్క్‌ను మళ్లీ మొదలుపెట్టాను. రాలేదు.

"వచ్చిందా?"

"రాలేదు."

కిరణ్ కడ్డీతో కొట్టాడు. చూపుడువేలు, మధ్యవేలు. చప్పుడు చిన్నదే. దాసప్ప గారు అరవలేదు, ముక్కుతో గాలి పీల్చారు. రెండు చోట్ల మార్చాలని నాకు తెలుసు. వారానికోసారైనా చేసే పని అది. రెండు చోట్ల మార్చాలి, నేను ఒకచోటే మార్చాను.

రెండోది కూడా మార్చాను. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదువుకున్నాను. 12.49కి నెట్‌వర్క్ వచ్చింది. డిజైన్ల ఫోల్డరు తెరిచాను. హంసల అంచు, మామిడిపిందెల కొంగు, అన్నీ వరుసగా వచ్చాయి. శివప్రసాద్ గారు స్క్రీను దగ్గరికి వచ్చి, కళ్లజోడు పెట్టుకొని చూసి, "ఉండాయిరా. అన్నీ ఉండాయి" అన్నారు.

కిరణ్ కడ్డీ కింద పెట్టాడు. టవలుతో మొహం తుడుచుకున్నాడు. అప్పుడు నేను గట్టిగా చెప్పాను: "దాసప్ప గారు ఏం ముట్టుకోలేదు. ఆయుధ పూజకు పెట్టె విప్పి తుడిచినోళ్లు కార్డు వేరే స్లాట్‌లో పెట్టినారు. బొట్టు చూడండి."

శివప్రసాద్ గారు వంగి చూశారు. తమ్ముడి వైపు తిరిగారు. "పూజ నాడు ఈ గదిలో కూర్చున్యది నువ్వే గదరా. తుడిచింది నువ్వు, బొట్టు పెట్టింది నువ్వు. థూ! నీకు మగ్గాలు అప్పజెప్పినా చూడు, నన్ను అనల్ల."

గోడ దగ్గర యూపీఎస్‌కు మార్చాల్సిన కొత్త బ్యాటరీ ఉంది. ఎనిమిది కిలోలు. నేనే పోయిన నెల మేడ మీదికి మోశాను. కిరణ్ దాన్ని రెండు చేతులతో ఎత్తి, టేబుల్ మీదున్న దాసప్ప గారి చేతి మీద వేశాడు. మళ్లీ ఎత్తి మళ్లీ వేశాడు. ఈసారి దాసప్ప గారు అరిచారు. వీధిలోకి వినిపించి ఉండాలి.

నా ఫోన్ కిరణ్ జేబులోంచి నేనే లాక్కున్నాను. అతను అడ్డుపడలేదు. 12.55కి 108కి ఫోన్ చేశాను.

అనంతపురంలో ఆపరేషన్ చేసి మూడు వేళ్లు తీసేశారు. బొటనవేలు, చిటికెనవేలు మిగిలాయి.

నిన్న, ఆదివారం సాయంత్రం శివప్రసాద్ గారు హిందూపురంలో మా ఇంటికి వచ్చారు. మా నాయన కుర్చీ వేసినా కూర్చోలేదు. నాతో అన్నారు: "కొట్టలేదని చెప్పమంటల్యామ్మా. కొట్టినాడు. బ్యాటరీ దెబ్బ ముందు పడింది, నెట్‌వర్క్ తర్వాత వచ్చింది అని చెప్పు. అంతే. దొంగ అనుకొని కొట్టినాడంటే దానికొక లెక్క. నీకేం పోతాది?"

మా నాయన నా మొహం చూశాడు. నేను తలుపు తీసి పట్టుకున్నాను. శివప్రసాద్ గారు వెళ్లిపోయారు.

నెట్‌వర్క్ 12.49కి వచ్చినట్టు సర్వర్‌లో రాసి ఉంది. ఆ కాపీ పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాను. బ్యాటరీ ఎప్పుడు పడిందో సర్వర్‌లో ఉండదు. అది నేను చెబితేనే ఉంటుంది. నెట్‌వర్క్ ముందు వచ్చింది. డిజైన్లు కనబడ్డాయి. తప్పు ఎవరిదో గదిలో నలుగురికీ తెలిసింది. ఆ తర్వాత బ్యాటరీ పడింది.

పైన రాసింది నాకు చదివి వినిపించారు, నేను కూడా చదువుకున్నాను. "కిరణ్ కోపంతో బ్యాటరీ ఎత్తి" అని టైపు అయి ఉంటే, "కోపంతో" అనేది కొట్టేయించి పక్కన సంతకం పెట్టాను. ఆ మాట నేను చెప్పలేదు. కడ్డీతో కొట్టినప్పుడు అతనికి కోపం ఉంది, నేను చూశాను. బ్యాటరీ ఎత్తినప్పుడు లేదు. మిగిలినదంతా నేను చూసినట్టు, నేను చెప్పినట్టే ఉంది. నిజం.

(సం.) రేష్మ