వద్దన్న మాట

నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో కాలేజీ పిల్లలు కలిసి అద్దెకుండే ఇల్లు. ఇటలీలోని పలెర్మో నుంచి వచ్చిన అమ్మాయి పెట్టెతో మెట్లు దిగుతుంటే, ఉట్రెక్ట్ అమ్మాయి గరిటె పట్టుకుని వంటింట్లోంచి వచ్చింది.

"ఎక్కడికే?"

"ఇంటికి. మీరంతా కింద కలిసి తింటుంటే, మూడు నెలలుగా పైన ఒక్కదాన్నే రొట్టె కొరుక్కుంటున్నా. ఇంక నావల్ల కాదు."

"మొదటిరోజే పిలిచాంగా! నువ్వే వద్దన్నావు."

"ఒక్క పిలుపుకే కూర్చుంటే మా ఊళ్లో తిండిపోతంటారు. మూడోసారి బతిమాలాక కూర్చోవాలి."

"వద్దన్నవాళ్లని మళ్లీ అడగడం మా దగ్గర మర్యాద కాదే!"

"పోనీ, సిగ్గు విడిచి నేనే అడుగుతున్నా. ఇవాళ నాకూ పెడతావా?"

"ఇవాళా? మనిషికి రెండు దుంపల చొప్పునే ఉడకేశానే. రేపు నీకూ కలిపి వేస్తాలే."

"రేపా!" ఆ పిల్ల కళ్లు తుడుచుకుని పెట్టె ఎత్తుకుంది. "ఆకలని అడిగినవాళ్లని రేపు రమ్మనడం ఇక్కడే చూశా."