ఎర్ర రిబ్బను కట్టిన సంచి

మధ్యాహ్నం బెల్లు కొట్టగానే ఓ పిల్ల టీచరుగారి బల్ల మీద తడి ఎర్ర రిబ్బనొకటి పెట్టింది.

“నీదేనా ఇది?”

“ఆయ్. మొన్న మనమంతా కాలవలోంచి ఏరిన చెత్త సంచికి దీంతోనే మూతి కట్టేను కదండీ! ఆ సంచి మా అమ్మమ్మగారి ఊరి రేవులో తేలుతోందండీ.”

“చెత్త ఎత్తుకెళ్ళిన ట్రాక్టరువాళ్ళు పడేసుంటారమ్మా.”

“మీకు తెలీదాండీ?”

టీచరుగారు కిటికీలోంచి బయటకు చూశారు.

“ఊళ్ళో చెత్త పొయ్యడానికి చోటెక్కడుందే? ఫోటోలు తీసేక కాలవలోనే వదిలెయ్యమన్నాను.”

పిల్ల బల్ల మీది రిబ్బను వెనక్కి తీసుకుంది.

“చెత్త వెయ్యకూడదన్న మీ మాట పట్టుకుని, కాలవలో కవరు పడేసేడని మా నాన్నని కొత్తపేట సంతలో అందరిముందూ కడిగేసేనండీ. వేసింది ఒక్క కవరేనండీ. ‘తప్పయిపోయింది తల్లీ’ అని నాకు దణ్ణం పెట్టేడండీ.”