సభ మొదట్లో వాయించిన నీలాంబరి

అధ్యక్షులు హెడ్మాస్టరు గారికీ, మన పుంగనూరు పెద్దలకూ, గంగవరం నుంచి వచ్చిన మేళగాళ్ళకూ, కిటికీల దగ్గర నిలబడ్డ అమ్మలకూ ఈ దర్జీ నూరుల్లా సలాములు, నమస్కారాలు.

మంగళవాద్యంతో సభ మొదలుపెట్టమని మన గంగులప్పన్నను అడిగాం. పొద్దు గూకినాక ముప్పై ఏళ్ళ అలవాటు ఊరుకుంటుందా? గుడిలో దేవుణ్ణి పవళింపజేసే నీలాంబరి రాగం అందుకున్నాడు. (నవ్వులు) నవ్వకండి, అధ్యక్షులవారు ఇంకా కళ్ళు నులుముకుంటున్నారు. (నవ్వులు)

ముందరి పళ్ళు రెండు ఊడి నాగస్వరానికి పట్టు చిక్కడం లేదని ఆయన గుడి కొలువు మానుకుంటున్నాడు. మదనపల్లె డాక్టరు కట్టుడు పళ్ళు పెడతానంటే, "దేవుని ముందర దొంగపండ్లతో ఊదేదా?" అని లేచి వచ్చేశాడు. రేపు కుప్పంలో కూతురు చెంగమ్మ ఇంటికి వెళ్ళిపోతున్నాడు.

నా అంగడి గుడి ప్రహరీని ఆనుకునే ఉంది. నా కొడుకు మస్తాను పటాలంలో చేరి బర్మా పోయాక ఏడాదిన్నర జాబు లేదు. నాకు నిద్ర లేదు. పిచ్చివాడిలా మిషను తొక్కుతూ ఒక చొక్కాకు మూడు చేతులు కుట్టాను, ఆ చొక్కా తాలూకు పాపన్న ఇక్కడే ఉన్నాడు, అడగండి. (నవ్వులు) కానీ గుడి మూసేముందు నీలాంబరి మొదలైతే నా కాలు ఆగేది, తల మిషను మీద వాలేది. మాటల్లేని పాట, ఏ దేవుడిదని నా చెవి అడగలేదు. అల్లాను తలుచుకుంటూనే నిద్రపోయేవాణ్ణి.

ఒకనాడు ఆయన ఎంతకీ ఆపలేదట. పూజారి గారు విసుక్కున్నారట.

"దేవుడు పండుకొని ఎంతసేపాయ! ఇంకా ఎవురికప్పా ఊదతాండావు?"

"దేవునికి నిద్ర పట్టిందిలే సామీ. గోడవతల మిషను సప్పుడు ఇంకా నిలవలేదు. ఆ సాయిబు గూడా పండుకోనీ."

ఇది పూజారి గారే నాకు చెప్పారు. (గంగులప్పన్న వైపు తిరిగి) అన్నా, ఆనాడు నీతో ఒక్క మాటా అనలేదు. ఇప్పుడు పదిమందిలో చెప్తాండాను, నన్ను బతికించింది నువ్వే.

పోయిన నెల మస్తాను తిరిగొచ్చాడు. కాళ్ళూ చేతులూ భద్రంగా తెచ్చుకున్నాడు, నిద్ర మాత్రం అక్కడే వదిలేశాడు. రాత్రంతా గోడకు ఆనుకుని కూర్చుంటాడు. తావీజు కట్టించాను, మందులు తాగించాను. అంగడికి రారా, ఆ పాట విందువు అంటే, "జనం సప్పుడు నాకొద్దు అబ్బా" అంటాడు. ఊరవతల మా ఇంటికి నీలాంబరి వినపడదు. అన్న రేపు వెళ్ళిపోతున్నాడు, నా భయం అదీ. అన్న నాగస్వరం పెట్టుకోను ఎర్ర మఖ్మలు సంచీ, గౌసెన ఒకటి కుట్టాను. అది మోసుకొచ్చి ఇద్దువు రమ్మని బతిమాలితే ఈ సాయంత్రం వాడు కదిలాడు.

ఇంకా రెండు కాగితాలు రాసుకొచ్చాను. చదవను. మెల్లగా వెనక బెంచీ వైపు చూడండి. గౌసెన గుండెకు కరుచుకుని, నోరు తెరుచుకుని, మావాడు నిద్రపోతాండాడు.

నువ్వు తప్పు వాయించావని నవ్వినాం కదన్నా, తప్పు కాదు. నీ గౌసెన రేపు పొద్దున బండి దగ్గరికి తెస్తాను, అంతవరకూ వాడి చేతుల్లోనే ఉండనీ.

అందరికీ కృతజ్ఞతలు. చప్పట్లు మాత్రం కొట్టకండప్పా, మీకు దండం పెడతాను. సెలవు.