మాత్రలకు సెలవు

సభకు ముందు, వేదిక వెనక గది. పుస్తకం రాసిన డాక్టరుగారు, దాని ప్రచారం చూస్తున్న ప్రచురణ సంస్థ ఉద్యోగి.

“...అదొక్కటీ మొదట్లోనే చెప్పేయండి మేడం. మైకు అందుకోగానే.”

“ఏది?”

“డాక్టర్ని అడక్కుండా ఎవరూ బీపీ మాత్రలు మానకండి, అని.”

“పుస్తకంలో ఉందిగా.”

“చివర్లో ఉంది. చిన్నక్షరాల్లో.”

“చిన్నక్షరాల్లో వేసిందెవరు? నేనా?”

“మేమే మేడం.”

“మరి? ‘మాత్రలకు సెలవు’ అని గోడంత పోస్టరు వేయించిందెవరు?”

“నేనే. నేనే మేడం, కాదన్నానా?”

“ఉప్పు తగ్గించి, నడిచి, కంటినిండా నిద్రపోతే కొందరికి మాత్రల మోతాదు తగ్గించవచ్చు... ఇదీ నేను రాసిచ్చింది. నువ్వేమో, ‘ఇంత పొడుగు మాట బస్సులో వెళ్లేవాడు చదివేలోపు బస్సు వెళ్లిపోతుంది మేడం’ అని నవ్వావు.”

“నవ్వాను. బుద్ధి తక్కువై నవ్వాను.”

“పొద్దున యూనివర్సిటీలో ఆ పోస్టరు ఎత్తిపట్టుకుని నన్ను ఉతికి ఆరేశారు, తెలుసా? ‘ఇది పరిశోధనా, సబ్బు ప్రకటనా’ అన్నాడు మా పాత హెడ్డు. ఘొల్లుమని నవ్వారు.”

“మీరేమన్నారు?”

“ఏమంటాను? కొందరికే, కొన్ని సందర్భాల్లోనే, వైద్యుల పర్యవేక్షణలోనే అని నీళ్లు నమిలాను.”

“అదే మేడం! ఆ ముక్కే ఇక్కడ కూడా...”

“ఇక్కడెందుకు? ఆ తెర కొంచెం జరిపి చూడు. కుర్చీలు చాలక మెట్ల మీద కూర్చున్నారు. నా ఉద్యోగమంతా ‘కొందరికి’, ‘బహుశా’ అంటూనే గడిపాను. వినడానికి ఎవరొచ్చారు? వెనక బెంచీలో కునుకు తీసేవాళ్లు! ఇన్నాళ్లకి నా మాట కోసం జనం వచ్చారు. సిగ్గు విడిచి చెబుతున్నా, నాకిది బావుంది.”

“బావుంటుంది మేడం. కానీ ఒక్క నిమిషం...”

“ఆ ఒక్క నిమిషంతోనే హాలు చప్పబడిపోతుంది. ‘మానొద్దు’ అన్నాక ఇక పుస్తకం ఎందుకు కొంటారు?”

“కొనకపోతే పీడా పోయె.”

“ఏమిటీ? ఆ మాట అంటున్నది నువ్వేనా? మీ పెద్దసారు విన్నాడంటే...”

“విననివ్వండి.”

“కేసులవుతాయని భయపడుతున్నాడా ఆయన?”

“అదేం కాదు.”

“మరేమిటి?”

“ఊరికే. అనిపించింది. మేడం, మానేస్తే ఎన్నాళ్లకి తెలుస్తుంది?”

“ఎవరు మానేస్తే?”

“ఎవరైనా. మాటవరసకి.”

“ఒక్కోసారి ఏమీ తెలీదు. ఒళ్లు తేలిగ్గా కూడా అనిపించొచ్చు. ప్రమాదమంతా అక్కడే. ఉన్నట్టుండి ఓ రోజు మూతి వంకరపోతుంది, మాట పడిపోతుంది.”

“ఇదే చెప్పండి! అచ్చం ఇలాగే, ఈ గొంతుతోనే చెప్పండి.”

“చూడు బాబూ, పోస్టరు చూసి మాత్రలు మానేసే అమాయకులు ఎవరుంటారయ్యా?”

“ఉంటారు మేడం.”

“ఎక్కడ?”

“ఉంటారు. పొద్దున లేవగానే తలనొప్పంటే దానికేనా?”

“ఎవరికి తలనొప్పి?”

“కళ్లు తిరుగుతాయా? గోడ పట్టుకుని నడిచేంతగా?”

“ఎవరికయ్యా?”

“అది వదిలేయండి మేడం, రండి, మీ పేరు పిలిచేశారు. అందరూ లేచి చప్పట్లు కొడుతున్నారు!”

“కొట్టనివ్వు, వస్తాను. నువ్వు ముందు నోరు విప్పు. ఎవరు మానేశారు?”

“మా అమ్మ.”

“అయ్యో... ఎప్పట్నుంచి?”

“పోస్టరు అచ్చయి వచ్చిన రోజు, మురిసిపోతూ ఇంటికి పట్టుకెళ్లి చూపించాను. ఆ రాత్రి నుంచే.”

“నువ్వు చెప్పొద్దూ, అది ఉత్త ప్రచారమని?”

“కాళ్లు పట్టుకుని చెప్పాను మేడం. ఆ మాట డాక్టరుగారిది కాదే అమ్మా, ఆఫీసులో కూర్చుని నేనే అల్లాను అన్నాను. ‘పోరా, అంత చదువుకున్న మనిషి అబద్ధం రాయనిస్తుందా’ అని నన్నే కసిరింది. మీ నోటితో వింటానని వచ్చి, మొదటి వరసలో కూర్చుంది.”